విశాఖ మేడ మీద శీతాకాలపు కూరగాయలు

విశాఖపట్నంలో చలికాలం చిన్నది. డిసెంబరు, జనవరి నెలల్లో కూడా సముద్రపు గాలి పగటి వేడిని పెద్దగా తగ్గనివ్వదు. అరకు, లంబసింగిలలోని చలి ఇక్కడికి దిగిరాదు. అందువల్ల మేడ మీద కాలీఫ్లవర్, ముల్లంగి, క్యారెట్ పెంచదలచినవారు ఎరువుల కంటే ముందు విత్తనపు రకాన్ని, నారు పోసే అదనును చూసుకోవాలి.

ఈ జాగ్రత్త అన్నిటికంటే కాలీఫ్లవర్‌కు అవసరం. ఆలస్యపు రకాలు పువ్వు కట్టాలంటే సుమారు 10 నుంచి 16 డిగ్రీల చలి ఉండాలి; తీరంలో అది దొరకదు కనుక అవి ఆకులు వేసుకుంటూ ఏపుగా పెరుగుతాయే తప్ప పువ్వు కట్టవు. పూసా దీపాలి వంటి ముందస్తు రకాలకు 20–25 డిగ్రీలు సరిపోతాయి. అయితే ముదిరిన నారు నాటినా, మొక్కకు నత్రజని చాలకపోయినా పువ్వు చిన్నగా ఉండగానే ఆగిపోతుంది కాబట్టి, 25–30 రోజుల నారునే నాటాలి.

అక్టోబరు మన తీరానికి వాయుగుండాల నెల. 2014లో హుద్‌హుద్ తుపాను నగరాన్ని తాకింది ఆ నెల 12వ తేదీనే. కనుక అక్టోబరు మొదటి వారంలో వాన తగలని వరండాలో ట్రేలలో నారు పోసి, నవంబరు మొదట్లో కుండీలలోకి మార్చడం క్షేమం. ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు సమంగా కలిపి, గుప్పెడు వేపపిండి చేర్చాలి. కుండీ అడుగున రంధ్రాలు తప్పనిసరి. ఒక్కో కాలీఫ్లవర్ మొక్కకు ఒక్కో పెద్ద కుండీ కావాలి. క్యాబేజీ కూడా అంతే చోటు ఆక్రమిస్తుంది కనుక చిన్న బాల్కనీ ఉన్నవారు దాన్ని వదిలేయడమే మంచిదని నా అభిప్రాయం.

ముల్లంగి, క్యారెట్ విత్తనాలను నారు పోయకుండా నేరుగా కుండీలోనే వేయాలి, ఎందుకంటే మొక్కను పీకి నాటితే వేరు వంకర తిరుగుతుంది. వేడిని తట్టుకునే పూసా చేత్కి ముల్లంగి 40–45 రోజుల్లో చేతికొస్తుంది.

డైమండ్ బ్యాక్ రెక్కల పురుగు క్యాబేజీ, కాలీఫ్లవర్ ఆకులను జల్లెడ చేస్తుంది. పక్కన నాలుగు ఆవ మొక్కలు పెంచితే చాలావరకు వాటి మీదికే పోతుంది. మిగిలినదానికి లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీరు కలిపి సాయంత్రం ఆకు అడుగు భాగం తడిసేలా పిచికారీ చేయాలి.

పువ్వు పిడికిలంత కాగానే బయటి ఆకులను దాని మీదికి వంచి దారంతో కట్టితే ఎండకు పసుపు రంగుకు తిరగదు. పువ్వు గింజ గింజగా విడిపోకముందే కోయాలి. ఖాళీ అయిన కుండీలో ధనియాలను రెండు బద్దలుగా నలిపి చల్లుకోవచ్చు, కానీ జనవరి దాటితే వేడికి కొత్తిమీర త్వరగా పూతకు వస్తుంది.