బాలాపూర్ శరణార్థుల మాట జెనీవా దాకా వెళ్ళాలంటే

హైదరాబాద్‌లో బాలాపూర్ వైపు, మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యా శరణార్థులు ఉంటున్నారని చాలామందికి తెలుసు. దుప్పట్లు, బియ్యం ఇచ్చి వచ్చేవాళ్ళూ ఉన్నారు. కానీ వీళ్ళ గురించి పై స్థాయిలో, అంటే జెనీవాలోని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల వేదికల్లో, ఎవరికి, ఎలా చెప్పాలి అంటే మాత్రం నోరు మెదపరు. ఐక్యరాజ్యసమితిని ట్యాగ్ చేసి పోస్ట్ పెట్టినంత మాత్రాన ఏమీ కదలదు. కదిలించే దారులు వేరే ఉన్నాయి. వాటికి పెద్ద సంస్థ అక్కర్లేదు, నలుగురు ఓపికున్న మనుషులు చాలు.

ముందు చట్టం సంగతి తేల్చుకోండి. శరణార్థులపై 1951 ఒప్పందం మీద గానీ, 1967 ప్రోటోకాల్ మీద గానీ భారత్ సంతకం చేయలేదు, మనకు ప్రత్యేక శరణార్థి చట్టమూ లేదు. కాబట్టి "1951 ఒప్పందాన్ని ఉల్లంఘిస్తున్నారు" అని రాస్తే మీరు ఐక్యరాజ్యసమితికి పంపే నివేదిక మొదటి పేరాలోనే తేలిపోతుంది. మీరు పట్టుకోవాల్సింది రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలు (చట్టం ముందు సమానత్వం, జీవించే హక్కు), ఎందుకంటే అవి పౌరులకే కాదు, ఇక్కడున్న ప్రతి మనిషికీ వర్తిస్తాయి. అరుణాచల్‌లో ఉంటున్న చక్మా శరణార్థుల కేసులో 1996లో సుప్రీంకోర్టు 21వ అధికరణం కిందే వాళ్ళకు రక్షణ ఇచ్చింది. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో భారత్ 1979లో, బాలల హక్కుల ఒడంబడికలో 1992లో చేరింది, ఇవీ పనికొస్తాయి. ఎదురుదెబ్బను కూడా దాచొద్దు: జమ్మూలో నిర్బంధించిన రోహింగ్యాల కేసులో, నిర్ణీత పద్ధతి పాటిస్తే పంపేయొచ్చని, దేశంలో నివసించే హక్కు పౌరులకే ఉందని 2021 ఏప్రిల్‌లో అదే కోర్టు చెప్పింది. చదివేవాళ్ళకు ఇది ముందే తెలుసు, మీరు దాటేస్తే మీ మీద నమ్మకం పోతుంది.

ఇక అసలు పని. చాలామంది ముందే నివేదిక రాసేసుకుని, చివర్లో ఒక శరణార్థిని పట్టుకొచ్చి కన్నీటి కథ చెప్పిస్తారు. నా దృష్టిలో అది అలంకారమే. ఏం అడగాలో తేల్చేటప్పుడే వాళ్ళు ఉండాలి. లేకపోతే ఏమవుతుందో రోహింగ్యాల విషయంలోనే చూశాం. 2018 జూన్‌లో మయన్మార్ ప్రభుత్వం, రెండు ఐక్యరాజ్యసమితి సంస్థలు కలిసి, బంగ్లాదేశ్‌కు పారిపోయినవాళ్ళు తిరిగి వెళ్ళేందుకు పరిస్థితులు కల్పిస్తామంటూ ఒప్పందం రాసుకున్నాయి. శరణార్థులను అడగలేదు, ఒప్పందం కాగితాన్ని బయటపెట్టనూ లేదు, అది లీకయ్యాకే జనం చదివారు. ఆ నవంబర్‌లో ఒకసారి, 2019 ఆగస్టులో ఇంకోసారి వాళ్ళను బంగ్లాదేశ్ నుంచి మయన్మార్‌కు పంపడానికి ఏర్పాట్లన్నీ చేశారు, రెండుసార్లూ ఒక్కరు కూడా బస్సెక్కలేదు. పౌరసత్వం, భద్రత సంగతి తేలకుండా ఎవరెక్కుతారు?

అందుకే కాలనీకి వెళ్ళేటప్పుడు ప్రశ్నల పట్టిక కాకుండా ఖాళీ నోట్‌బుక్ తీసుకెళ్ళండి. మీరు "అంతర్జాతీయ రక్షణ" గురించి ఆలోచిస్తుంటే వాళ్ళు ఆధార్ లేక సిమ్ కార్డు, బ్యాంకు ఖాతా రావడం లేదని, పదో తరగతి తర్వాత పిల్లల చదువు ఆగిపోతోందని చెప్పొచ్చు. ఆ వరుసే మీ వరుస కావాలి. ఆడవాళ్ళతో విడిగా, మగవాళ్ళు లేని చోట, ఆడమనిషినే దుబాసీగా పెట్టుకుని మాట్లాడండి, లేదంటే కాలనీ పెద్ద చెప్పిందే అందరి మాటా అయిపోతుంది. కూలి పని మానుకుని వచ్చేవాళ్ళకు ఆ రోజు కూలి ఇవ్వండి (దీనికి మొహమాటపడేవాళ్ళు మీ దగ్గర కన్సల్టెంట్‌కు ఎంత ఇస్తున్నారో లెక్క చూసుకోండి). రాసింది మళ్ళీ వాళ్ళకు చదివి వినిపించి, వద్దన్నది కొట్టేయండి.

భద్రత గురించి కాస్త ఎక్కువే టెన్షన్ పడండి, తప్పులేదు. బంగ్లాదేశ్‌లోని కుతుపాలాంగ్ శిబిరంలో మొహిబ్ ఉల్లా అనే రోహింగ్యా మాస్టారు, ఆయన బృందం గుడిసె గుడిసెకూ తిరిగి మయన్మార్ దాడుల్లో చనిపోయినవాళ్ళ వివరాలు రాసుకున్నారు. ఆ పని ఆయన్ను 2019లో జెనీవాలోని మానవ హక్కుల మండలి దాకా, వైట్‌హౌస్ దాకా తీసుకెళ్ళింది. 2021 సెప్టెంబర్ 29న శిబిరంలోనే ఆయన్ను కాల్చి చంపారు. పేరు, ఫొటో, ఇంటి గుర్తు వాడే ముందు ప్రతిసారీ అడగండి, ఒకసారి సరే అన్నారు కదా అని ఇంకోచోట వాడేయొద్దు.

కాగితం ఎక్కడికి పంపాలి? అన్నిటికన్నా అందుబాటులో ఉన్నది సార్వత్రిక నియతకాలిక సమీక్ష, యూపీఆర్ అంటారు. నాలుగున్నర, ఐదేళ్ళకోసారి ప్రతి దేశం మానవ హక్కుల రికార్డును మిగతా దేశాలు ప్రశ్నిస్తాయి. భారత్ వంతు ఇంతకుముందు 2022 నవంబర్‌లో వచ్చింది. రాతపూర్వక నివేదిక పంపడానికి ఐక్యరాజ్యసమితి గుర్తింపు అవసరం లేదు. ఒక్క సంస్థ అయితే 2,815 పదాలు, కొన్ని కలిస్తే 5,630 పదాలు పరిమితి. ఇంగ్లీషు, ఫ్రెంచ్, స్పానిష్‌లలో దేనిలోనైనా రాయొచ్చు. గడువు సమీక్షకు చాలా నెలల ముందే ముగుస్తుంది కాబట్టి మానవ హక్కుల హైకమిషనర్ కార్యాలయం వెబ్‌సైట్‌లో తేదీ చూసుకోండి. ఇది పంపినవాళ్ళ పేరుతో సహా బహిరంగమవుతుందని మాత్రం మర్చిపోవద్దు. ఎవరినైనా నిర్బంధించడం లాంటి అత్యవసరమైతే స్పెషల్ రాపోర్టర్లకు, అంటే ఐక్యరాజ్యసమితి నియమించిన స్వతంత్ర నిపుణులకు, ఆన్‌లైన్ ఫారంలో రాయండి. బాధితుల పేరు ప్రభుత్వానికి చెప్పొచ్చా, బహిరంగ నివేదికలో పెట్టొచ్చా అని అందులో విడివిడిగా అడుగుతారు.

నాలుగేళ్ళకోసారి జెనీవాలో జరిగే గ్లోబల్ రెఫ్యూజీ ఫోరం కూడా ఉంది, 2019, 2023లలో జరిగింది. దేశాలు అక్కడ హామీలిస్తాయి, కొన్ని తమ ప్రతినిధి బృందంలో శరణార్థులను కూర్చోబెడుతున్నాయి. కెనడా ఇందులో ముందుంది. అక్కడున్న తెలుగువాళ్ళు తమ ఎంపీకి రాసే ఉత్తరంలో ఈసారి రోహింగ్యా సలహాదారు ఉంటారా అని అడగొచ్చు. పరాయి గొడవ అనేవాళ్ళు ఎదురైతే, విశాఖలో బర్మా క్యాంపుకు ఆ పేరు ఎలా వచ్చిందో కనుక్కోమనండి, బర్మా నుంచి తిరిగొచ్చిన తెలుగువాళ్ళు అక్కడ స్థిరపడబట్టే.

బాలాపూర్‌లో ఉన్న మనిషికి పాస్‌పోర్ట్ లేదు, జెనీవా విమానం ఎక్కలేరు. వీడియో సందేశమో, ఆన్‌లైన్ సమావేశమో దారి. విదేశాల్లో స్థిరపడ్డ రోహింగ్యాలు గట్టిగా మాట్లాడగలరు, వాళ్ళ సాయం తీసుకోండి, కానీ ఆధార్ లేని బతుకు ఎలా ఉంటుందో ఇక్కడున్నవాళ్ళే చెప్పాలి.

నివేదిక పంపాక ఊరుకోవద్దు. సమీక్షలో ఒక్కో దేశానికి దొరికేది నిమిషం, కాస్త అటూ ఇటూ. ఆ నిమిషంలో మీ విషయం రావాలంటే నెలల ముందే ఢిల్లీలోని రాయబార కార్యాలయాలకు రెండు పేజీల నోట్ పంపాలి, అందులో అడగదగ్గ సిఫార్సు ఒకటో రెండో వాక్యం తయారుగా ఉండాలి. "శరణార్థుల హక్కులు కాపాడాలి" లాంటిది వద్దు. "యూఎన్‌హెచ్‌సీఆర్ కార్డున్న పిల్లలకు ఆధార్ లేకుండా బోర్డు పరీక్ష రాయనివ్వాలి" అని రాయండి (యూఎన్‌హెచ్‌సీఆర్ అంటే ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ). తర్వాత భారత్ ఏ సిఫార్సును ఒప్పుకుందో, దేన్ని "గమనించాం" అని పక్కన పెట్టిందో జాబితా వస్తుంది. దాన్ని ఉర్దూలోనో, వాళ్ళకు అర్థమయ్యే భాషలోనో వాయిస్ మెసేజ్‌గా చేసి కాలనీకి పంపండి, కూలి మానుకుని మీతో కూర్చున్నవాళ్ళకు ముందుగా.