బెండ్ తీసిన వీల్ మళ్లీ వంకరపోతోందా? తక్కువ స్పోకులు, చదును స్పోకుల వీల్స్‌లో సమస్య - పరిష్కారం

32 లేదా 36 స్పోకులున్న మామూలు సైకిల్ వీల్‌కి బెండ్ తీయడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను. ఇది వేరే తరహా వీల్స్ గురించి. 16, 18, 20 స్పోకులతో సరిపెట్టినవి, స్పోకులను జంటలుగానో మూడేసి గుంపులుగానో అమర్చినవి, వెనక వీల్‌లో ఒకవైపు రెండు స్పోకులుంటే రెండోవైపు ఒక్కటే ఉన్నవి, కత్తిలా చదునైన స్పోకులున్నవి, మెడ దగ్గర వంపు లేకుండా స్పోక్ నేరుగా హబ్‌లోకి (వీల్ మధ్య భాగంలోకి) దిగే స్ట్రెయిట్‌పుల్ వీల్స్. పనిచేసే సూత్రం అన్నిటికీ ఒకటే, కానీ ఇవి పొరపాటును మన్నించవు. 36 స్పోకుల వీల్‌లో స్పోక్‌కీ స్పోక్‌కీ మధ్య 10 డిగ్రీలు. అదే 20 స్పోకులను జంటలు చేస్తే జంటకీ జంటకీ మధ్య 36 డిగ్రీలు, 700సీ రిమ్ (రోడ్డు సైకిళ్ల మామూలు కొలత) మీద దాదాపు 20 సెంటీమీటర్లు. అంత మేర రిమ్‌ని పట్టుకునే స్పోకే లేదు కాబట్టి ఒక్క నిప్పిల్ (స్పోక్ చివర ఉండి దాన్ని బిగించే చిన్న మర) తప్పుగా తిరిగినా బెండ్ కంటికి కనిపిస్తుంది.

వీల్ బ్రేక్‌కి రాసుకుంటోంది

స్పోక్ కీ (నిప్పిల్ తిప్పే పనిముట్టు) తీయకండి. ముందు వీల్ ఫ్రేములో సరిగ్గా కూర్చుందో లేదో చూడండి. యాక్సిల్ వదులు చేసి, సైకిల్‌ని నేల మీద నిలబెట్టి, దాని బరువుతోనే వీల్‌ని దిగనిచ్చి మళ్లీ బిగించండి. తర్వాత బ్రేక్ దగ్గర రిమ్‌ని రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ ఊపండి. చిన్న టక్ తగిలితే అది బేరింగ్ ఆట (బేరింగ్ వదులు), స్పోకులది కాదు. వీల్ తిప్పి చూసేటప్పుడు టైరును కాదు, రిమ్ అంచును చూడండి. టైరు సరిగ్గా కూర్చోకపోయినా వీల్ వంకరగా ఉన్నట్టే కనిపిస్తుంది.

ఈ మూడూ చూడటానికి రెండు నిమిషాలు చాలు. నా దగ్గరికి వచ్చే వీల్స్‌లో చాలావాటికి ఇవి చూడకుండానే ఎవరో ఒకరు నిప్పిళ్లు తిప్పేసి ఉంటారు. అప్పుడు నేను బేరింగ్ ఆటా తీయాలి, వాళ్లు తెచ్చిన బెండూ తీయాలి. దయచేసి ఈ రెండు నిమిషాలు ఆగండి.

కీ తిప్పుతుంటే బెండ్ తగ్గకపోగా పెరుగుతోంది

నిప్పిల్ ఎక్కడుందో చూసుకోండి. కొన్ని వీల్స్‌లో అది రిమ్ దగ్గర కాకుండా హబ్ దగ్గర ఉంటుంది. షిమానో డ్యూరా-ఏస్ 7700 వీల్స్ అలాంటివే. గుర్తు ఒక్కటే: నిప్పిల్ తల వైపు నుంచి చూస్తూ గడియారం ముల్లు తిరిగే దిశలో తిప్పితే బిగుస్తుంది. నిప్పిల్ రిమ్‌లో ఉంటే టైరు వైపు నుంచి చూడాలి, హబ్‌లో ఉంటే హబ్ మధ్య నుంచి బయటికి చూడాలి. రిమ్ వైపు నుంచి చూసే అలవాటుతో హబ్ నిప్పిల్ తిప్పితే పని తిరగబడుతుంది.

బెండ్ తీసే స్టాండ్ మీద తిన్నగా ఉంది, రెండు రోజులు తొక్కితే మళ్లీ వంకర

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది ఇదే, అందుకే దీని గురించి ఎక్కువ రాస్తున్నాను.

ఒక ముందు వీల్. స్ట్రెయిట్‌పుల్ స్పోకులు, గుండ్రటివి, మధ్యలో 1.5 మిల్లీమీటర్ల మందం. స్టాండ్ మీద బెండ్ పూర్తిగా తీశాను. టెన్షన్ మీటర్ (స్పోక్ బిగువు కొలిచేది) పెట్టి చూస్తే స్పోకులన్నీ దగ్గరదగ్గరగా ఉన్నాయి. వారంలో వీల్ తిరిగొచ్చింది, వంకర అదే చోట. మళ్లీ తీశాను, మళ్లీ వచ్చింది. రిమ్‌నే అనుమానించాను. మూడోసారి మాత్రం ఒక స్పోక్ మీద, నిప్పిల్‌కి వేలెడు పైన మార్కర్‌తో సన్నటి గీత గీసి, కీని పావు చుట్టు తిప్పాను. నిప్పిల్‌తో పాటు గీత కూడా తిరిగింది. అంటే అన్ని రోజులూ నేను బిగించింది కొంతే. మిగతాదంతా స్పోక్‌ని మెలిపెట్టడమే.

కారణం చెబుతాను. నిప్పిల్ మరలో రాపిడి ఉంటుంది. టెన్షన్ పెరిగేకొద్దీ ఆ రాపిడీ పెరుగుతుంది. తక్కువ స్పోకులున్న వీల్స్‌లో ఒక్కో స్పోక్‌కి టెన్షన్ ఎక్కువే ఉంచుతారు. అప్పుడు నిప్పిల్ తిప్పితే మర తిరగడానికి బదులు స్పోకే మెలిపడుతుంది. తీగ సన్నబడేకొద్దీ మెలికి ఎదురునిలిచే శక్తి మందం నాలుగో ఘాతం లెక్కన పడిపోతుంది. 2 మిల్లీమీటర్ల స్పోక్‌తో పోలిస్తే 1.5 మిల్లీమీటర్లదానికి ఉండేది దాదాపు మూడో వంతే. మెడ వంపు ఉన్న స్పోక్ కనీసం హబ్ దగ్గర తిరగకుండా నిలుస్తుంది. స్ట్రెయిట్‌పుల్ స్పోక్‌కి ఆ వంపు లేదు. టెన్షన్ తక్కువగా ఉన్నప్పుడు గుండ్రటి స్పోక్ తలతో సహా మొత్తం తిరిగిపోతుంది, మీరు కీ ఎంత తిప్పినా ఏమీ మారదు. టెన్షన్ పెరిగాక తల బిగుసుకుని మెలి మొదలవుతుంది.

మీటర్‌కి ఈ మెలి తెలియదు. అది ఆ క్షణంలో ఉన్న టెన్షన్ మాత్రమే చూపిస్తుంది. వీల్ రోడ్డెక్కాక, కింద నేలకి తగిలే చోట స్పోకుల టెన్షన్ ఒక్కో చుట్టులో ఒక్క క్షణం తగ్గుతుంది. ఆ క్షణంలో మెలి విడుతుంది. స్పోక్ మరలో కాస్త తిరిగి, టెన్షన్ మారి, బెండ్ తిరిగొస్తుంది. బెండ్ తీసిన వెంటనే తొక్కినప్పుడు మొదటి కొన్ని మీటర్లలో టింగ్ టింగ్‌మని వినబడితే అదే ఈ మెలి విడుతున్న శబ్దం. స్పోకులు సర్దుకుంటున్నాయిలే అని వదిలేయకండి. వీల్‌ని మళ్లీ స్టాండ్ ఎక్కించండి.

చదును స్పోకుల్లో మెలిని కంటితోనే పట్టుకోవచ్చు, కానీ ఒక తేడా తెలియాలి. స్పోక్ వెంట వెలుగు పడేలా పట్టుకుని హబ్ నుంచి నిప్పిల్ దాకా చూడండి. రెండు చివర్లా ఒకే కోణంలో పక్కకి తిరిగి ఉంటే స్పోక్ మొత్తం తిరిగిందంతే, మెలి లేదు. సరిచేస్తే బాగుంటుంది గానీ బెండ్‌కి అది కారణం కాదు. హబ్ దగ్గర తిన్నగా ఉండి నిప్పిల్ దగ్గర వంకరగా ఉంటే, మీద పడే మెరుపు ఒక వైపు నుంచి ఇంకోవైపుకి జారుతూ పోతే, అది మెలి.

ఇక పరిష్కారం. మొదట ప్రతి నిప్పిల్‌కీ రెండు చోట్ల ఒక్కో చుక్క నూనె పెట్టండి: స్పోక్ నిప్పిల్‌లోకి దిగే చోట, నిప్పిల్ రిమ్ మీద ఆనే చోట. ఒక పావుగంట ఆగండి. సగం మెలి ఈ నూనెతోనే ఆగిపోతుంది.

చదును స్పోకులకి గాడి ఉన్న పట్టుకునే పనిముట్టు దొరుకుతుంది. చాలా చదును స్పోకుల మందం 0.9 మిల్లీమీటర్లు, అయినా మీ స్పోక్ కొలిచి గాడి ఎంచుకోండి. దాన్ని నిప్పిల్‌కి వీలైనంత దగ్గరగా పట్టుకోవాలి. స్పోక్ మధ్యలో పట్టుకుంటే, పట్టుకున్న చోటికీ నిప్పిల్‌కీ మధ్య ఉన్న ముక్క మెలిపడుతూనే ఉంటుంది. పనిముట్టు ఉండి కూడా మెలి తెచ్చుకునేవాళ్లు చేసే తప్పు ఇదే.

గుండ్రటి స్పోకులకి నిప్పిల్ పక్కన చిన్న టేపు ముక్కను జెండాలా అంటించండి. నిప్పిల్ తిప్పుతుంటే జెండా ఎంత తిరిగిందో చూడండి. కావాల్సింది పావు చుట్టు, జెండా తిరిగింది అరపావు అనుకుందాం. అప్పుడు కీని పావు మీద ఇంకో అరపావు తిప్పి, జెండా మొదటి చోటికి వచ్చేదాకా వెనక్కి తీసుకురండి. అలా చేస్తే మర నిజంగా పావు చుట్టు తిరుగుతుంది, స్పోక్‌లో మెలి మిగలదు. 2 మిల్లీమీటర్ల మామూలు స్పోక్ మరలో ఒక పూర్తి చుట్టుకి కదిలేది దాదాపు 0.45 మిల్లీమీటర్లు. ఇందులో అరపావు తేడా కూడా తక్కువ స్పోకుల వీల్‌లో లెక్కలోకి వస్తుంది.

ప్రతి రౌండు తర్వాత గ్లవ్స్ వేసుకుని ఒకే వైపున్న పక్కపక్క స్పోకులను రెండేసి కలిపి గట్టిగా నొక్కండి. మిగిలిన మెలి అక్కడే, మీ చేతిలోనే టింగ్‌మంటూ విడిపోతుంది. వీల్‌ని నేల మీద పడుకోబెట్టి రిమ్ మీద బలంగా తొక్కే పద్ధతి మాత్రం 16, 18 స్పోకుల వీల్స్ మీద వద్దు, రిమ్ కారప్పూసలా మెలితిరిగే ప్రమాదం ఉంది. నొక్కడం అయ్యాక మళ్లీ చూసి, మిగిలింది సరిచేయండి. నొక్కినా ఏ శబ్దమూ రాకపోతే, వీల్ తిన్నగా ఉంటే పని పూర్తయినట్టు.

టెన్షన్ మీటర్ అంకెలు నమ్మశక్యంగా లేవు

చదును స్పోక్ అంకెను మీటర్‌తో వచ్చే గుండ్రటి స్పోకుల పట్టికలో చూస్తున్నారేమో. మీటర్ చదును ముఖం మీద నొక్కుతోందో లేదో కూడా చూడండి. కాంపగ్నోలో జీ3లా గేర్ వైపు రెండింతల స్పోకులున్న వెనక వీల్స్‌లో రెండు వైపుల టెన్షన్ దగ్గరదగ్గరగా వస్తుంది, అది తప్పు కాదు. మామూలు వెనక వీల్‌లో రెండో వైపు గేర్ వైపు కన్నా బాగా తక్కువ ఉండటమూ తప్పు కాదు. అందుకే స్పోక్ మీటి శబ్దం వినేటప్పుడు ఒకే వైపు స్పోకులనే పోల్చండి.

స్పోక్ విరిగింది

మెడ దగ్గరా, మర దగ్గరా అన్నది చూడండి. మెడ దగ్గర అయితే చాలాసార్లు ఆ వైపు టెన్షన్ తక్కువగా ఉండటమే కారణం. వదులైన స్పోక్ ఊగి ఊగి అలసిపోతుంది. మర దగ్గర విరిగితే నిప్పిల్ వంకరగా కూర్చుందేమో చూడండి. తక్కువ స్పోకుల వీల్‌లో ఒక్కటి విరిగినా రిమ్ ఫ్రేముకి తగిలేంత పక్కకి పోవచ్చు, అలా ఇంటిదాకా తొక్కకండి. హబ్ నుంచి సూటిగా వెళ్లే రేడియల్ అమరిక ఉంటే హబ్ అంచు రంధ్రాల దగ్గర చీలిక ఉందేమో వేలితో తడిమి చూడండి. తొక్కే బలాన్ని, డిస్క్ బ్రేక్ బలాన్ని హబ్ నుంచి రిమ్‌కి చేర్చడానికి ఏటవాలు స్పోకులే కావాలి. జేమ్స్ స్టార్లీ 1874లో ఆ అమరికకి పేటెంట్ తీసుకున్నదీ ఇందుకే. డిస్క్ ఉన్న వైపు రేడియల్ స్పోకులు కనిపిస్తే ఆ వీల్‌ని మళ్లీ అల్లించండి.

రిమ్‌లో నిప్పిల్ రంధ్రం చుట్టూ పగులు ఉంటే రిమ్ మార్చడమే దారి.

టక్ టక్ శబ్దం

స్పోకులు ఒకదాన్నొకటి దాటే చోట చుక్క నూనె. లోతైన రిమ్ అయితే వాల్వ్ ఊగుతోందేమో చూడండి. రిమ్ లోపల విరిగిన నిప్పిల్ ముక్క దొర్లుతుంటే టైరు తీసి బయటికి రాల్చేయండి.

అరుదైనవి

మావిక్ క్సిరియం లాంటి అల్యూమినియం స్పోకులకి మామూలు కీ పట్టదు, వాటి కీ తెచ్చుకోండి. దారం స్పోకులు మొదట్లో కాస్త సాగుతాయి, రెండోసారి బిగిస్తే నిలబడతాయి. స్పోకులను ఒకదాని చుట్టూ ఒకటి మెలివేసి అల్లిన వీల్‌కి బెండ్ వస్తే విప్పి మామూలుగా అల్లుకోండి. ఒకే ముక్కగా పోసిన మూడు కాళ్ల వీల్‌కి నిప్పిళ్లే ఉండవు కాబట్టి బెండ్ తీయడమూ ఉండదు. అది వంకరపోతే మార్చేయండి.