పాత రేసు బైకుని అబద్ధాలు చెప్పి అంటగట్టారా? డబ్బు వెనక్కి ఎలా రాబట్టుకోవాలి?

ఇంజిన్ విప్పలేదన్నారు, బండి ఎప్పుడూ పడలేదన్నారు. తీరా విజయనగరం తెచ్చుకుని రింగ్ రోడ్డు మీద కాస్త గట్టిగా తోలితే హ్యాండిల్ ఊగుతోంది, ట్యాంకు తీసి చూస్తే ఫ్రేముకి వెల్డింగు అతుకు. ఇప్పుడేం చేయాలి?

ముందు బండి ఆపేయండి. మన మెకానిక్కే కదా అని ఇంజిన్ దించేశారంటే "మీరే విప్పి పాడుచేశారు" అంటాడు అమ్మినవాడు, ఆ మాటకి జవాబు చెప్పుకోవడం కష్టం. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, మీటరు రీడింగు, ఆ అతుకు అన్నీ ఒకే వీడియోలో వచ్చేలా తీయండి. ప్రకటన తీసేయకముందే స్క్రీన్‌షాట్ తీసుకోండి, వాట్సాప్ చాట్ దాచుకోండి, ఆ ఫోను మాత్రం కేసు తేలేదాకా మార్చకండి, ఎందుకంటే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ప్రకారం ఇలాంటి సాక్ష్యానికి అది ఉన్న ఫోను వివరాలతో సర్టిఫికెట్ జతచేయాలి. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చూపించి రిపోర్టు రాసిమ్మనండి. పాత జాబ్ కార్డుల్లో (సర్వీసుకి ఇచ్చినప్పుడు రాసే కాగితాల్లో) కిలోమీటర్లు దొరికితే మీటరు తిప్పారో లేదో అక్కడే తేలిపోతుంది.

తర్వాత, చెప్పినవాటిలో అబద్ధం ఏదో విడదీసి రాసుకోండి. చాలామంది తప్పులో కాలేసేది ఇక్కడే. "సూపర్ కండిషన్" అనేది అమ్మేవాడి పొగడ్త, దాన్ని పట్టుకుంటే కేసు నిలబడదు. "ఒక్క ఓనరు", "2021 మోడల్", "బోరు చేయలేదు" (ఇంజిన్ సిలిండర్ అరిగితే దాన్ని మళ్లీ కోయించడమే బోరు), "యాక్సిడెంట్ కాలేదు" అన్నవి నిజమో కాదో తేల్చగలిగే మాటలు. ట్రాకు మీద తిరిగిన బండికి క్లచ్ ప్లేట్లు, పిస్టన్ రింగులు త్వరగా అరుగుతాయి, అది తెలిసే కొన్నారు కాబట్టి అరుగుదలని మోసం అనలేం, అతుకు దాచి పడలేదని చెప్పడం మాత్రం మోసమే. పైగా మామూలుగా చూస్తే తెలిసేదాన్ని మీరు చూసుకోకపోతే కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 19 అవతలివాడికి కొంత సాయపడొచ్చు. అందుకే ఎంపరివాహన్‌ యాప్‌లో (బండి వివరాలు చూపించే ప్రభుత్వ యాప్) క్షణంలో కనిపించే ఫైనాన్స్ బాకీ కన్నా ట్యాంకు కింద దాచిన అతుకు గురించే గట్టిగా వాదించండి.

అమ్మింది ఆటో కన్సల్టెన్సీ (పాత బండ్ల డీలరు) అయితే మీ పని కొంత సులువు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. లొంగకపోతే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయాలి. బండికి కట్టింది 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక చెన్నైలో కొన్నా మీరుండే విజయనగరంలోనే వేసుకోవచ్చు (శ్రీకాకుళం వాళ్లు శ్రీకాకుళంలో). అవసరమైతే బండిని పరీక్షకి పంపమని కూడా అందులో అడగండి. ఇంకో సంగతి: 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల డీలర్లు రవాణా శాఖ దగ్గర ఆథరైజేషన్ సర్టిఫికెట్ తీసుకోవాలి, అది లేకపోతే ఆ ముక్కా రాయండి.

సొంత బండి అమ్ముకున్న మామూలు మనిషైతే ఆ కమిషన్ దారి పనికిరాదు. సివిల్ కోర్టే, మోసం తెలిసిన దగ్గర్నుంచి మూడేళ్లలోపు. ఉచిత న్యాయ సహాయానికి అర్హత ఉంటే 15100కి చేయండి. మధ్యలో బ్రోకర్ ఉంటే ఫోన్‌పేలో డబ్బు ఎవరి ఖాతాకి పోయిందో చూసి ఇద్దరినీ కేసులో చేర్చండి.

ఏ దారైనా ముందు నోటీసు ఇవ్వడం మంచిది. స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా, పదిహేను రోజులు గడువిచ్చి, ఎంత డబ్బు కావాలో అంకె వేసి.

పోలీస్ స్టేషన్‌కి మొదటే పరిగెత్తితే "ఇది సివిల్ మేటర్ బాబూ" అని పంపించేయొచ్చు. ఛాసిస్ నంబరు మళ్లీ కొట్టినట్టున్నా, ఎన్‌వోసీ (అభ్యంతరం లేదని ఇచ్చే పత్రం) దొంగదైనా, బండి దొంగసొత్తని తేలినా మాత్రం ఆలస్యం చేయకండి, చీటింగ్‌కి బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 318 ఉంది.

నోటీసు అందాక చాలాసార్లు "బండి ఇచ్చేయండి, డబ్బులిస్తా" అని ఫోన్ వస్తుంది. సి-బుక్ ఇంకా మీ పేరుకి మారకపోతే మార్చుకోకండి. మారిపోయి ఉంటే డబ్బు ఖాతాలో పడ్డాకే పేరు మార్పిడి ఫారాలు 29, 30 మీద సంతకాలు చేయించుకుని, తేదీ, టైము వేసిన డెలివరీ కాగితం తీసుకుని, పేరు మారేదాకా వెంటపడండి. లేకపోతే వాడు ఎక్కడ గుద్దినా నష్టపరిహారం కేసు మీ గుమ్మానికే వస్తుంది.