ఊరంతా శెనక్కాయ వేసినప్పుడు మీరు కొర్ర వేయాలంటే

మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం దగ్గర పల్లె. పదునైతే చాలు, ఊరంతా ఒకేసారి శెనక్కాయకు గొర్రు కడతారు. నాలుగెకరాల్లో ఒక ఎకరం కొర్ర వేస్తానన్నప్పుడు మా మరిది రచ్చకట్ట మీద అందరికీ చెప్పాడు, "మా వదిన పిట్టలను సాకుతుందంట" అని.

2000లో జిల్లా అంతా శెనక్కాయకు కాండం కుళ్ళు వైరస్ తగిలింది. రెండు లక్షల హెక్టార్లకు పైనే దెబ్బతింది. వయ్యారిభామ కలుపు పుప్పొడిలో ఉండే వైరస్, తామర పురుగులు ఆకును గీకిన చోట లోపలికి పోతుంది. ఆ ఏడు మా ఊళ్ళో వేరే పంట వేసిన ఇల్లు ఒక్కటీ లేదు. కొర్ర విత్తనం కోసం తిరిగినా దొరకలేదు. నాకు ఆలోచన పుట్టింది అప్పుడే.

మొదట ఒక ఎకరంతోనే మొదలుపెట్టండి. పోతే మీ ఒక్కరికే పోవాలి. అప్పు చేసి మాత్రం మొండితనం చూపకండి. ఎకరాకు రెండు కేజీల విత్తనం చాలు. సన్నగా ఉంటుంది కాబట్టి ఇసుక కలిపి ఎదపెట్టండి. ఐదు సాళ్ళ కొర్రకు ఒక సాలు కంది.

అసలు టెన్షన్ పిట్టలతోనే. మరిది అన్నది నిజమే. ఊరికంతా ఒకే కొర్ర చేను ఉంటే పిట్టలన్నీ అక్కడే వాలతాయి. గింజ పాలు పోసుకున్నప్పటి నుంచి కోత దాకా పొద్దున, సాయంత్రం చేనులో ఉండాల్సిందే. పాత క్యాసెట్ల టేపు కట్టాను, కొంచెం పనిచేసింది.

తర్వాత గొర్రెలు. శెనక్కాయ పీకేశాక చేలన్నీ మందలకు వదిలేస్తారు, మీ కంది మాత్రం సంక్రాంతి దాకా నిలబడి ఉంటుంది. "నా చేను, నా ఇష్టం" అంటే మేకలు వినవు. విత్తకముందే కాపరులతో మాట్లాడండి. కంది కోశాక మంద నా చేనులోనే కట్టిస్తాను, కూలి ఇస్తాను అన్నాను. వాళ్ళు మాట తప్పలేదు, నాకు ఎరువూ దొరికింది.

మంచి కంకులు ముందే ఏరి, వేపాకు వేసి కుండలో దాచండి. మీకు కావలసినదానికంటే ఎక్కువే దాచండి.

మొన్నొక ఏడు వాన ఆగస్టుకు గానీ పడలేదు. శెనక్కాయకు అదను దాటిపోయింది, కొర్ర అయితే మూడు నెలల్లోపే చేతికొస్తుంది. విత్తనం కోసం ఆరుగురు వచ్చారు. మరిది సంచి చంకలో పెట్టుకుని చివర నిలబడ్డాడు. ఒక పడి కొలిచి ఇస్తే పడిన్నర తిరిగివ్వాలన్నాను. సరేనన్నాడు.

ఆ ఏడు పిట్టలు ఏడు చేలకు పంచుకున్నాయి.