మన చర్మాన్ని మనమే చదువుకోవడం – 3వ పాఠం: అరచేతి కొలత

గడచిన రెండు పాఠాలలో క్రోన్స్ వ్యాధికి (పేగుల్లో దీర్ఘకాలం వాపు ఉండే జబ్బుకు) వేసుకునే ఇంజెక్షన్ తేదీల పట్టిక వేసుకోవడం, పేగు లక్షణాలను రోజూ రాసుకోవడం నేర్చుకున్నాం. ఆ నోటుపుస్తకంలోనే కుడివైపు పేజీని ఈ పాఠానికి ఉంచుకోండి. చర్మం మీద కొత్తగా కనిపించిన మచ్చను చూసి, కొలిచి, పేగు వైద్యునికీ చర్మవైద్యునికీ ఒకే విధంగా అర్థమయ్యేలా రాసి చూపించడం ఈసారి నేర్చుకోవలసిన పని.

క్రోన్స్ వ్యాధి ఉన్నవారికి సోరియాసిస్ (పొలుసుల మచ్చలో, చీము పొక్కులో లేచే చర్మవ్యాధి) రెండు దారుల్లో రావచ్చు. మొదటి దారి పుట్టుకతో వచ్చిన చుట్టరికం: రెండు జబ్బుల్లోనూ రోగనిరోధక శక్తి సొంత శరీరం మీదికే తిరుగుతుంది, వాటి వెనుక ఉన్న జన్యువుల్లో కొన్ని రెండింటికీ ఉమ్మడి. రెండవ దారి మందు వల్ల ఏర్పడేది. ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ వంటి బయొలాజిక్ మందులు (జీవకణాలతో తయారుచేసి సూదితో ఎక్కించేవి) టిఎన్ఎఫ్ అనే వాపు పుట్టించే ప్రోటీన్‌ను అడ్డుకుంటాయి కనుక సోరియాసిస్‌కు కూడా వాటినే వాడతారు. అయినా కొందరికి ఆ మందుల వల్లే సోరియాసిస్ మొదలవుతుంది. చర్మంలో ఇంటర్‌ఫెరాన్ అనే మరో పదార్థం మితిమీరకుండా చూసేది కూడా టిఎన్ఎఫే కావడంతో, దానిని కట్టివేసినప్పుడు ఆ పగ్గం కూడా వదులవుతుంది. ఇది మందు మొదలుపెట్టిన కొన్ని నెలలకు రావచ్చు, ఏడాది దాటాక, పేగు పూర్తిగా నెమ్మదించి ఉన్నప్పుడు కూడా రావచ్చు. అందుకే చాలామందికి మచ్చకూ మందుకూ సంబంధం ఉందన్న ఊహే రాదు.

నాకూ రాలేదు. అనంతపురం దగ్గర మా పొలంలో వేరుశనగ చెట్లు పెరికే రోజుల్లో ఎడమ అరికాలి వంపులో ఆవగింజంత పసుపుపచ్చని చీము చుక్కలు లేచాయి. నాలుగైదు రోజులకు అవి ఎండి గోధుమరంగు పక్కులు కట్టి, నడిచినప్పుడల్లా చీలి మండేవి. మట్టిలో తిరిగినందువల్ల అనుకున్నాను. మందుల దుకాణంలో చూపిస్తే తామర అని ఒక ట్యూబు ఇచ్చారు. అందులో తామర మందుతో పాటు బలమైన స్టెరాయిడ్ కూడా కలిసి ఉండడంతో వారంలో తగ్గినట్టే తగ్గి, మానగానే రెండింతలైంది. చివరకు చర్మవైద్యురాలు పక్కును గీరి సూక్ష్మదర్శినిలో పరీక్షించి, అందులో బూజు లేదని తేల్చి, నేను వాడుతున్న ఇంజెక్షన్ పేరు అడిగారు. అప్పటికి రెండు నెలలు గడిచిపోయాయి. మీకు ఆ రెండు నెలలు పోకూడదనే ఈ పాఠం రాస్తున్నాను.

వారానికి ఒకసారి, ఉదయం కిటికీ దగ్గర వెలుతురులో అరచేతులు, అరికాళ్లు, తలమాడు, చెవుల వెనుక భాగం, చంకలు, గజ్జలు, బొడ్డు చూసుకోండి. పుస్తకాల బొమ్మల్లో సోరియాసిస్ ఎర్రగా ఉంటుంది గాని, మన చామనఛాయ ఒంటి మీద అది ఊదారంగులోనో, బూడిద కలిసిన గోధుమరంగులోనో కనిపిస్తుంది. ఎరుపు కోసం వెతికితే దొరకదు. పొలుసును గోటితో లేపి చూడవద్దు, గాయమైన చోట కొత్త మచ్చ పుట్టగలదు.

ఇక కొలత. వేళ్లు దగ్గరగా చేర్చిన మీ అరచేయి, వేళ్లతో సహా, మీ ఒంటి చర్మంలో సుమారు 1 శాతం. పిల్లలకైతే వారి అరచేతితోనే కొలవాలి. చేతిని మచ్చ మీద ఆనించకుండా కాస్త ఎత్తులో ఉంచి, ఎన్ని అరచేతులు పడతాయో చూడండి. మోకాలి మీద అర, రెండు మోచేతుల మీద చెరొక పావు, నడుము మీద రెండు ఉంటే మొత్తం 3 శాతం. పేజీలో మనిషి ముందువైపు, వెనుకవైపు ఆకారాలు గీసి, మచ్చలున్న చోట పెన్సిలుతో నింపి, పక్కన తేదీ, ఆ వారానికి ఇంజెక్షన్ వేసి ఎన్ని రోజులైందో రాయండి. ఫోటో తీసేటప్పుడు పక్కన ఒక రూపాయి నాణెం పెడితే పరిమాణం తెలుస్తుంది.

సుమారు 5 శాతం దాటితే వైద్యులు పైపూతతో ఆగక, కాంతి చికిత్స, రోగనిరోధక శక్తిని తగ్గించే మెథోట్రెక్సేట్ మందు, లేదా బయొలాజిక్‌ను మార్చడం గురించి ఆలోచిస్తారు. అయితే అరికాలు, అరచేయి, తలమాడు, మర్మాంగాల దగ్గర శాతం తక్కువైనా బాధ ఎక్కువ. కాబట్టి అంకె కిందనే నడవగలుగుతున్నానా, ముద్ద కలుపుకోగలుగుతున్నానా, నిద్ర పడుతోందా అన్నవి కూడా రాయండి.

ఇదే కొలత పూతకూ పనికొస్తుంది. చూపుడువేలి కొన నుంచి మొదటి గీత వరకు పిండిన పూత సుమారు అర గ్రాము. అది రెండు అరచేతులంత చర్మానికి సరిపోతుంది. పై ఉదాహరణలోని 3 శాతానికి ఒకటిన్నర వేలి కొనల పూత చాలు. ఆ పూత వైద్యుడు రాసిచ్చినదై ఉండాలి.

మచ్చ కనబడగానే ఇంజెక్షన్‌ను సొంతంగా మానవద్దు. పేగు జబ్బు తిరగబెట్టవచ్చు, మధ్యలో ఆపిన మందుకు శరీరం ప్రతిరక్షకాలు తయారుచేసుకుని, మళ్లీ మొదలుపెట్టినప్పుడు అది పనిచేయకపోవచ్చు. చాలామంది అదే మందును కొనసాగిస్తూ పూతలతోనే నెగ్గుకొస్తారు. మార్చవలసి వస్తే పేగుకూ చర్మానికీ పనిచేసే ఉస్టెకినుమాబ్ వంటివి ఉన్నాయి. దీనికి ఎదురుగా, సోరియాసిస్‌కు బాగా పనిచేసే సెకుకినుమాబ్ క్రోన్స్ వ్యాధిని పెంచగలదు. అందుకే పుస్తకం అట్ట మీద వ్యాధి పేరు, మందు పేరు పెద్ద అక్షరాలతో రాసి, చర్మవైద్యుని ముందు మొదట దానినే పెట్టండి.

ఒళ్లంతా చీము పొక్కులు లేచి జ్వరం వచ్చినా, చర్మమంతా కమిలి పొట్టు రాలుతున్నా కొలతలతో పనిలేదు. కర్నూలు, అనంతపురం ప్రభుత్వ సర్వజన వైద్యశాలలకో, కడప రిమ్స్‌కో ఆ రోజే చేరుకోవాలి.

అభ్యాసం: ఒకరికి రెండు మోచేతుల మీద చెరొక అర అరచేయి, పొట్ట మీద ఒకటి, కుడి అరికాలిలో పావు మచ్చ ఉంది. మొత్తం ఎంత శాతం? పొట్ట మీది పూతకు ఎన్ని వేలి కొనలు కావాలి? వైద్యునికి ముందుగా చెప్పవలసిన మచ్చ ఏది, ఎందుకు? జవాబులు 4వ పాఠంలో, తలమాడు మీది సోరియాసిస్‌ను చుండ్రు నుంచి వేరుచేసి గుర్తించే పద్ధతితో పాటు ఉంటాయి.