మామిడి పెరుగు కప్పు, ఎండల్లో పులవకుండా

మే నెలలో మా బెజవాడలో పొయ్యి దగ్గర నిలబడి పాయసం కలిపే ఓపిక ఎవరికీ ఉండదు, అందుకే మా ఇంట్లో ఈ నెలంతా ఇదే స్వీటు. గ్యాస్ వెలిగించక్కర్లేదు. నలుగురికి అర కిలో గట్టి పెరుగు, రెండు మామిడిపండ్లు, రెండు యాలకులు, చిటికెడు ఉప్పు చాలు.

పెరుగు ఆ రోజు తోడుకున్నదే కావాలి. పాత పంచె ముక్క ఒకటి తడిపి గట్టిగా పిండి, అందులో పెరుగు పోసి మూట కట్టండి. మొదటిసారి నేను ఆ మూటని వంటింటి కుళాయికి వేలాడదీసి కాసేపు కునుకు తీశాను, లేచేసరికి నీళ్లయితే కారాయి గానీ పెరుగు ఎంత పులిసిందంటే ఎంత పంచదార పోసినా లొంగలేదు, చివరికి మజ్జిగ పులుసైంది. ఇప్పుడు చిల్లుల గిన్నెలో మూట పెట్టి, దాని కింద ఇంకో గిన్నె పెట్టి, ఫ్రిజ్‌లోనే ఉంచుతున్నా. నాలుగైదు గంటలకి దాదాపు సగానికి తగ్గి, వేలితో గీస్తే గీత నిలబడేంత గట్టిపడుతుంది.

కిందకి దిగిన నీళ్లు పారబోయకండి. పెరుగులో కాల్షియం కొంత వాటిలోకే పోతుంది. చపాతీ పిండి కలపండి, లేదా ఉప్పు, కరివేపాకు వేసుకుని తాగేయండి.

గుజ్జుకి నూజివీడు రసాలు దొరికితే అంతకన్నా ఏం కావాలి, పీచు పోయేలా జల్లెడలో వడకడితే చాలు. ముక్కలకి మాత్రం బంగినపల్లే, రసాన్ని కోస్తే ముక్క నిలవదు. గుజ్జు, యాలకుల పొడి, ఉప్పు పెరుగులో వేసి చెంచాతో కలపండి. మిక్సీ వద్దు, జారిపోతుంది. ముక్కలు తినేముందే వేయాలి. పండు బాగా మగ్గితే పంచదార అసలు అక్కర్లేదు.

ఇక బలం సంగతి. 100 గ్రాముల మామిడిలో సుమారు 60 కేలరీలు, 14 గ్రాముల చక్కెర, 36 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటాయి. మామిడి పసుపు రంగులోని కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కొంచెం కొవ్వు కావాలి, అందుకని మీగడ తీసేయకండి. నీళ్లు పోయిన పెరుగు చిక్కబడుతుంది కాబట్టి అదే కప్పులో ప్రొటీన్ ఎక్కువ పడుతుంది. షుగర్ ఉన్నవాళ్లు మామిడి తగ్గించి జామకాయ ముక్కలు వేసుకోవచ్చు.

పచ్చి అనాస మాత్రం కలపొద్దు, అందులోని ఎంజైమ్ పెరుగు ప్రొటీన్‌ని విరగ్గొట్టి కాసేపట్లో చేదు చేసేస్తుంది. అదే కావాలంటే ముక్కలు ఉడికించి చల్లార్చి వేయండి.