దసరా, దీపావళి కొనుగోళ్లకు బయలుదేరే ముందు

కొన్నేళ్ల క్రితం దసరాకు మా అమ్మకు ఒక చీర కొందామని బట్టల దుకాణానికి వెళ్లాం. రెండు కొంటే ఒకటి ఉచితం అన్నారు. నాలుగు కొని, ఆరు చీరలతో ఇంటికి వచ్చాం. అందులో రెండింటి మడత ఈనాటికీ విప్పలేదు. ఇంట్లో గ్రైండరు మోటారు అప్పటికే మొరాయిస్తోంది. పండుగ వెళ్లిన వారానికే అది కాలిపోయింది. బాగు చేయించడానికి చేతిలో డబ్బు లేక, నెలాఖరు దాకా అమ్మ నానబెట్టిన పప్పు గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్లి రుబ్బుకొచ్చేది. చీరలు మంచివే, ధర కూడా ఎక్కువ కాదు. కానీ నాలుగో చీరకు ఇచ్చిన డబ్బుతో ఇంకేం చేయవచ్చన్న ఆలోచన ఆ కౌంటరు దగ్గర మాలో ఎవరికీ రాలేదు.

ఇంటర్‌లో అర్థశాస్త్రం చదివినవారికి క్షీణోపాంత ప్రయోజన సూత్రం గుర్తుండే ఉంటుంది. ఒకే వస్తువు వరుసగా అందుతున్నకొద్దీ, అదనంగా వచ్చే ప్రతిదాని వల్ల కలిగే తృప్తి తగ్గుతూ పోతుంది. దాని వెనకే సమోపాంత ప్రయోజన సూత్రం వస్తుంది. ఏ వస్తువు మీద పెట్టిన చివరి రూపాయి అయినా ఒకే పాటి తృప్తినిచ్చేలా డబ్బు పంచుకున్నప్పుడే మొత్తం తృప్తి గరిష్ఠమవుతుంది. జర్మనీకి చెందిన ఆర్థికవేత్త గోసెన్ 1854లోనే ఈ రెండింటినీ రాసిపెట్టాడు. పరీక్ష కోసం బట్టీ పట్టి మరిచిపోయిన ఆ సూత్రాలు నిజంగా పనికొచ్చేది ఈ పండుగ రోజుల్లోనే. ఎందుకంటే దుకాణంలోనూ ఫోనులోనూ కనిపించే ఏర్పాట్లన్నీ ఒక వస్తువును మరో అవసరంతో పోల్చి చూసే తీరిక మనకు లేకుండా చేస్తాయి. అందుకే ఆ పోలిక ఇంట్లోనే, బయలుదేరకముందే పూర్తి కావాలి.

కాగితం, కలం తీసుకుని ఇంటిల్లిపాదీ కూర్చోండి. పండుగకు 30,000 రూపాయలు ఉన్నాయనుకుందాం. దాన్ని మూడేసి వేల చొప్పున పది వాటాలు చేయండి. మొదటి వాటా దేనికి పెడితే ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ సంతోషమో, ఏది పెట్టకపోతే ఎక్కువ ఇబ్బందో అడగండి. అది రాశాక రెండో వాటా గురించి మళ్లీ అదే ప్రశ్న, కొత్తగా. పిల్లల మొదటి జత బట్టలు తప్పకుండా పైనే ఉంటాయి. రెండో జత అంత పైన ఉండదు. మూడో జతకు వచ్చేసరికి ఊరికి వెళ్లే బస్సు చార్జీలు, గ్రైండరు మరమ్మతు, పిండివంటల సరుకులు దాన్ని దాటిపోతాయి. పొదుపు పేరుతో పండుగను కోసేయమని నేను చెప్పడం లేదు. కొత్త బట్ట కట్టుకున్న పిల్ల మొహంలో వెలుగు విలువ ఎక్కువే, అందుకే అది మొదటి వాటాల్లో ఉండాలి. జాగ్రత్త పడాల్సింది తొమ్మిదో వాటా, పదో వాటా దగ్గర.

ఈ జాబితాలో చాలామంది రాయని పద్దు ఒకటి ఉంది, పాత బాకీ. క్రెడిట్ కార్డు మీద 15,000 మిగిలి ఉంటే, నెలకు మూడున్నర శాతం చొప్పున 525 రూపాయలు వడ్డీకే పోతాయి. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ అదనం. కనీస మొత్తం మాత్రమే కట్టి ఊరుకుంటే, ఈ పండుగకు కార్డు గీకి కొన్న కొత్త వస్తువులకూ వడ్డీ లేని గడువు వర్తించదు. మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. కాబట్టి పదిలో అయిదు వాటాలు అక్కడే పోయినా బాధపడకండి. ఏ దుకాణమూ ఇవ్వని తగ్గింపు అది.

బోనస్ డబ్బు విషయంలో మరింత మెలకువగా ఉండాలి. సింగరేణి కార్మికులకు దసరా ముందు లాభాల్లో వాటా, దీపావళి ముందు బోనస్ అందుతాయి. ఎన్నో సంస్థలు ఈ రోజుల్లోనే బోనస్ ఇస్తాయి. నెల జీతాన్ని లెక్కపెట్టి ఖర్చు చేసే చేయి, ఒక్కసారిగా వచ్చిపడిన డబ్బును తేలిగ్గా వదిలేస్తుంది. మనిషి డబ్బును మనసులో వేరు వేరు సంచుల్లో దాచుకుంటాడని చెప్పిన రిచర్డ్ థేలర్‌కు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. కష్టపడి సంపాదించినదే కనుక బోనస్‌నూ జీతంలో కలిపి, ఒకే కాగితం మీద పంచండి.

ఫ్రిజ్‌ను, టీవీని మూడు వేల ముక్కలుగా కొనలేం కదా అంటారా? అక్కడ మొత్తం ధర కాక, రెండు మోడళ్ల మధ్య తేడాను చూడాలి. 43 అంగుళాల టీవీ సరిపోతుందని వెళ్లినవారికి పక్కనే ఉన్న 55 అంగుళాలది చూపించి, ఇంకో పద్నాలుగు వేలే కదా అంటారు. ఆ పద్నాలుగు వేలు మీ కాగితం మీద దాదాపు అయిదు వాటాలు. అయిదు వాటాలను కొట్టేసి పన్నెండు అంగుళాలు కొంటున్నట్టు లెక్క. ఫ్రిజ్‌కైతే స్టార్ లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో ఉంటుంది. రెండింటి మధ్య 60 యూనిట్ల తేడా ఉండి, మీ యూనిట్ ధర 6 రూపాయలైతే ఏడాదికి మిగిలేది 360. అందుకోసం 3,000 ఎక్కువ పెడితే తిరిగి రావడానికి ఎనిమిదేళ్లు దాటుతుంది. తేడా 1,000 అయితే మూడేళ్లలో వచ్చేస్తుంది, హాయిగా తీసుకోవచ్చు.

వడ్డీ లేని వాయిదాలు అన్న మాట దగ్గర ఆగండి. అసలు సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. సాధారణంగా జరిగేది ఏమిటంటే, వడ్డీకి సమానమైన మొత్తాన్ని ధరలో తగ్గించి చూపి, ఆ వడ్డీని వాయిదాల్లో వసూలు చేస్తారు. వడ్డీ 1,000 అయితే దాని మీద 180 జీఎస్టీ మీ నుంచే పోతుంది. ప్రాసెసింగ్ రుసుము వేరు. ఒకేసారి కడితే ఎంతకిస్తారని తప్పక అడగండి. ఆ ధరకూ వాయిదాల మొత్తానికీ ఉన్న తేడాయే నిజమైన వడ్డీ. నెలకు నాలుగు వేలే అన్నప్పుడు, వచ్చే ఆరు నెలల్లో ప్రతి నెలా ఆ నాలుగు వేలతో జరగాల్సిన పని ఏది ఆగుతుందో కూడా చూసుకోండి.

ధన త్రయోదశికి బంగారం కొనేవారికి ఒక లెక్క. గ్రాము 10,000 అనుకుంటే పది గ్రాముల గొలుసులో బంగారం విలువ లక్ష. తరుగు, మజూరీ కలిపి 12 శాతమైతే 12,000. మొత్తం మీద 3 శాతం జీఎస్టీ 3,360. చెల్లించేది 1,15,360. మర్నాడే అమ్మబోతే తరుగు, మజూరీ, పన్ను ఏవీ తిరిగి రావు. మెడలో వేసుకుని మురిసిపోవడానికైతే ఆ 15,360 న్యాయమైన ఖర్చే. బీరువాలో దాచడానికైతే నాణెం మేలు, మజూరీ తక్కువ పడుతుంది. నగ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, స్వచ్ఛత సంఖ్య, ఆ నగకే ప్రత్యేకమైన ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య హెచ్‌యూఐడీ మూడూ ఉండాలి. ఆ హెచ్‌యూఐడీని బీఐఎస్ కేర్ యాప్‌లో అక్కడికక్కడే సరిచూడవచ్చు. తరుగు శాతం మాత్రం దుకాణానికీ దుకాణానికీ మారుతుంది, బేరమాడటానికి మొహమాటపడకండి.

ఫోనులో కొనేటప్పుడు 'రెండే మిగిలాయి', 'పది నిమిషాల్లో ముగుస్తుంది' అన్న తొందరకు లొంగవద్దు. తప్పుడు తొందర పెట్టడం, అడగని వస్తువును బుట్టలో చేర్చడం వంటి 13 రకాల మాయలను కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023లో మార్గదర్శకాలిచ్చి నిషేధించింది. అయినా డబ్బు కట్టే ముందు బిల్లులోని వరుసలన్నీ చదవండి. అడగని బీమా, విరాళం కనిపిస్తే తీసేయండి. ఇంకో 400 రూపాయల సరుకు కొంటే డెలివరీ ఉచితమన్న చోట, 40 రూపాయలు ఇచ్చి బయటపడటమే చాలాసార్లు లాభం.

ఆకలితో, అలసటతో దుకాణానికి వెళ్లవద్దు. కాగితం జేబులో పెట్టుకోండి. అందులో లేని వస్తువు నచ్చితే ఫొటో తీసుకుని ఇంటికి వచ్చి, మర్నాడు ఏ వాటాను కొట్టేసి దాన్ని రాస్తారో చూడండి. కొన్నవాటిని ఆ వారంలోనే విప్పి, వాడి, పరీక్షించండి. వాపసు గడువు సంచీలో ఉండగానే అయిపోయే వస్తువులు ఈ రోజుల్లో ఎక్కువ. బిల్లు ఫొటో తీసి ఉంచండి, వేడికి ఆ కాగితం మీద అక్షరాలు చెరిగిపోతాయి. దుకాణదారు మాట వినకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫోను చేయండి. తెలుగులోనే చెప్పుకోవచ్చు.